పాత థారా, కొత్త థారా?

నెల రోజులుగా మా ఆఫీసులో టీ చల్లారిపోయేంత వాదన: 2010లో వచ్చిన మహీంద్రా థార్ మేలా, 2020లో వచ్చినదా?

పాతదాంట్లో వెనక సీట్లు ఎదురెదురు బల్లలు, కింద కమాన్ కట్టలు. గతుకొస్తే ముందు తెలిసేది నడుముకే. ఎయిర్‌బ్యాగుల్లేవు. అయినా 2.5 లీటర్ల ఆ డీజిల్ ఇంజను గుడగుడ విన్నవాళ్లు వేరే మాట వినరు. (నేనూ ఆ బాపతే.)

కొత్తదానికి వెనక కాయిల్ స్ప్రింగులు. గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో 4 నక్షత్రాలు వచ్చాయి. పిల్లల్ని ఎక్కించుకుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలంటే నా ఓటు దానికే.

ఒక్క జాగ్రత్త. 2023 నుంచి కొత్తదాంట్లో వెనక చక్రాలతో మాత్రమే నడిచే రకం కూడా అమ్ముతున్నారు. చూడ్డానికి పెద్దగా తేడా తెలీదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు గేరు కడ్డీ పక్కన, నాలుగు చక్రాలనూ నడిపించే రెండో చిన్న కడ్డీ ఉందో లేదో చూడండి. అది లేకపోతే వాగు దగ్గర బురదలో ట్రాక్టరు కోసం కబురు పెట్టాల్సిందే.

పాతదే కావాలంటే బండి కిందికి దూరి చాసిస్ చూడండి. కాకినాడ, విశాఖ బళ్లయితే మరీనూ. ఉప్పుగాలి ఇనుమును వదలదు. రంగు సంగతి తర్వాత.