తెర లేదని యంత్రాన్ని తెగనమ్మాలా?

పాతబడిన వస్తువు వేరు, పనికిరాని వస్తువు వేరు. ఈ తేడా మన స్టాక్ రిజిస్టర్లకు ఎక్కడం లేదు. మన ఎలక్ట్రానిక్స్ విభాగం స్టోరు గదిలో ఒక బి.బి.సి. మైక్రో కంప్యూటరు ఉన్నది. దాని పేరుకెదురుగా "మానిటరు లేదు, కండెమ్" అని రాసి, విరిగిన బల్లలతో పాటు వేలం జాబితాలో చేర్చారు. ఇది తొందరపాటు నిర్ణయమని నా అభిప్రాయం.

ముందుగా దాని పుట్టుపూర్వోత్తరాలు. ఇంగ్లండులో ఏకార్న్ కంపెనీ 1981లో దీన్ని విడుదల చేసింది. 6502 ప్రాసెసరు, 32 కిలోబైట్ల మెమరీ. ఈనాటి ఫోను ముందు ఇదెంత అని నవ్వకండి. 1984-85లో మన కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకు కంప్యూటరు పరిచయం చెయ్యాలని "క్లాస్" పథకం ప్రారంభించినప్పుడు ఎంచుకున్నది ఈ యంత్రాన్నే. మన తల్లిదండ్రుల తరంలో కొందరు మొట్టమొదట వేళ్లు ఆనించిన కీబోర్డు ఇదే.

స్విచ్ వేస్తే ఇప్పటికీ అది రెండు స్వరాల్లో కూత పెడుతోంది. అంటే ప్రాణం ఉన్నట్టే కదా! కొత్త ఫ్లాట్ టీవీ మాత్రం "నో సిగ్నల్" అంటుంది. అంతటితో తీర్పు చెప్పేశారు. యంత్రం మూగది కాదు, మన తెరకు దాని భాష రాదు. ఆ సంగతి విచారించవద్దా?

విచారిస్తే లెక్క తేలిక. పాత టీవీ పద్ధతిలో చిత్రానికి 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు. హెచ్చవేస్తే సెకనుకు 15,625 గీతలు. మన యంత్రం గీసేదీ దాదాపు ఇదే వేగంతో. కంప్యూటరు మానిటర్ల వీజీఏ పద్ధతి మొదలయ్యేదే సుమారు 31,500 దగ్గర. సగం వేగంతో వచ్చే గీతలను చాలా మానిటర్లు అసలు లెక్కలోకే తీసుకోవు.

యంత్రం వెనుక మూడు దారులున్నాయి. మొదటిది యాంటెన్నా దారి. పాత అనలాగ్ ట్యూనరు ఉన్న టీవీలో యు.హెచ్.ఎఫ్. 36వ ఛానెల్ దగ్గర వెతికితే బొమ్మ దొరుకుతుంది, కాకపోతే కాస్త మసక. రెండోది కాంపోజిట్. టీవీ పసుపు సాకెట్‌కు కలిపితే మామూలుగా నలుపు తెలుపుల్లో వస్తుంది. మూడోది ఆరు పిన్నుల ఆర్.జి.బి. సాకెట్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కొక్కటి ఉందా లేదా అన్నదే లెక్క, అంచేత రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది రంగులు. అసలైన స్పష్టత ఇక్కడే. అయితే ఇవి 5 వోల్టుల లాజిక్ సంకేతాలు. మామూలు వీడియో రంగు సంకేతం 0.7 వోల్టు మాత్రమే. అందుచేత తిన్నగా తీగ కలపరాదు.

బజారులో దొరికే చౌక కన్వర్టర్లు కొన్ని ఈ చిత్రాన్ని పొరపాటుగా అర్థం చేసుకుని అక్షరాలను వణికిస్తాయి. ఇంతకంటె మంచి ఉపాయం ఉన్నది. రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న బోర్డుకు ఒక లాజిక్ చిప్ జతచేసి, ఒక్కొక్క చుక్కనూ సరైన క్షణంలో చదివి, హెచ్.డి.ఎం.ఐ.గా మార్చే పరికరాన్ని అభిరుచిపరులు మొదట ఈ యంత్రం కోసమే తయారు చేశారు. డిజైను అందరికీ బహిరంగంగా ఇచ్చారు. మన ఫైనలియర్ వాళ్లకు ఇంతకన్నా చక్కని ప్రాజెక్టు ఏముంటుంది?

"ఎందుకండీ ఇదంతా, ఎమ్యులేటరు ఫోనులోనే నడుస్తుందిగా" అంటారు కొందరు మిత్రులు. నిజమే, ప్రోగ్రాము నడుస్తుంది. కాని ఫోనుకు థర్మిస్టరు తగిలించగలరా? ఈ యంత్రానికి నాలుగు ఛానెళ్ల అనలాగ్ ఇన్‌పుట్ ఉంది, యూజర్ పోర్టు ఉంది. చల్లారుతున్న నీటి ఉష్ణోగ్రతను కొలిచి, పది పన్నెండు పంక్తుల బేసిక్‌తో తెర మీద గ్రాఫు గీయించవచ్చు. తీగ నుంచి తెర దాకా ఏం జరిగిందో విద్యార్థికి ఆసాంతం తెలుస్తుంది. నేటి పరికరాల్లో మూత తీసినా తెలియనిది అదే!

ఒక్క హెచ్చరిక. ఇంత వయసున్న పవర్ సప్లైలో మెయిన్స్ ఫిల్టరు కెపాసిటర్లు పగిలి పొగ కక్కడం మామూలు. లెక్చరర్ల సమక్షంలో వాటిని మార్చిన తరువాతే గంటల తరబడి నడపాలి.

కనుక విద్యార్థి సంఘానికి నా మనవి రెండు ముక్కలు. వేలం జాబితా నుంచి ఈ యంత్రాన్ని తీయించండి. తెర కలిపే పనిని విద్యార్థులకు అప్పగించండి. ఇక పూర్వ విద్యార్థులైన పెద్దలారా! మీ అటకల మీద పాత మాన్యువల్, ఫ్లాపీ, ఆరు పిన్నుల కేబులు ఏదైనా ఉంటే పాతసామాన్ల వాడికి వెయ్యకండి. మాకివ్వండి. చేతులు మావి, జ్ఞాపకం మీది.