మన బిడ్డల చదువులు: నర్సింగులో చేర్చేముందు



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్లలో వినిపించే మాట ఒక్కటే: "తర్వాత ఏం చదివించాలి?" నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో శనగలు, వడ్లు అమ్మిన డబ్బులో అప్పులు పోను ఏమైనా మిగిలితే అది పిల్లల చదువుకే పోతుంది. అందుకే ఆ డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నామో తెలుసుకొని పెట్టాలి. ఈ నెల నర్సింగు చదువును గూర్చి రాస్తున్నాము.

ఆళ్లగడ్డ వైపు నుండి ఒక తండ్రి ఇలా అడిగారు: "మా అమ్మాయి ఇంటరు సి.ఇ.సి. పాసయింది. పక్క రాష్ట్రంలో బి.యస్సీ. నర్సింగు సీటు ఇప్పిస్తానని ఒకాయన వచ్చాడు. కాలేజీకి రోజూ పోనక్కరలేదు, పరీక్షలకు పోతే చాలు అంటున్నాడు. అడ్వాన్సు కట్టమంటారా?"

కట్టవద్దు. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది: బి.యస్సీ. నర్సింగులో చేరాలంటే ఇంటరులో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ చదివి ఉండాలి. ఆ మూడింటిలో కలిపి 45 శాతం మార్కులు రావాలి, ఇంగ్లీషులో పాసు కావాలి. ఎస్.సి., ఎస్.టి. పిల్లలకు మార్కులలో 5 శాతం సడలింపు ఉన్నది. సి.ఇ.సి. చదివిన బిడ్డకు ఆ సీటు నిబంధన ప్రకారం రాదు. వస్తుందని చెప్పినవాడు అక్కడే అబద్ధమాడినట్టు. రెండవది: రోజూ పోనక్కరలేని నర్సింగు చదువు లేనే లేదు.

అయితే ఆ అమ్మాయికి దారి మూసుకుపోలేదు. నర్సింగులో ముఖ్యముగా మూడు చదువులున్నాయి.

మొదటిది ఎ.ఎన్.ఎం. ఇది రెండేళ్ల చదువు, ఆడపిల్లలకు మాత్రమే. ఇంటరులో ఏ గ్రూపు చదివినా చేరవచ్చు. గర్భిణులను చూడడం, పిల్లలకు టీకాలు వేయడం, పల్లెలో ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యము కనిపెట్టడం వీరి పని. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు వాటిలో ఎ.ఎన్.ఎం. ఉద్యోగాలు కూడా ఏర్పడినవి.

రెండవది జి.ఎన్.ఎం. ఇది మూడేళ్లు, అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్పు. సైన్సు చదివినవారికి ప్రాధాన్యమున్నా, 40 శాతం మార్కులతో, ఇంగ్లీషులో పాసై ఇంటరు పూర్తి చేసిన ఇతర గ్రూపులవారూ అర్హులే. మగపిల్లలు కూడా చేరవచ్చు. ఇది పూర్తి చేసి రిజిస్టరు చేయించుకొన్నవారు ఆసుపత్రిలో స్టాఫు నర్సులు కావచ్చు.

మూడవది నాలుగేళ్ల బి.యస్సీ. నర్సింగు. దీని తర్వాత రెండేళ్ల ఎం.యస్సీ. చేసి కాలేజీలో పాఠాలు చెప్పవచ్చు. పల్లె ఆరోగ్య కేంద్రాలలో పనిచేసే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడరు ఉద్యోగాలకు కూడా ఈ చదువునే అడుగుతున్నారు. ఆడపిల్లలకు సైన్యములోని మిలిటరీ నర్సింగు సర్వీసు దారి కూడా ఉన్నది. దానికి నీట్ పరీక్ష రాయాలి.

జి.ఎన్.ఎం.తో చదువు ఆగిపోదు. తర్వాత రెండేళ్ల పోస్టు బేసిక్ బి.యస్సీ. చేయవచ్చు, ఆ పైన ఎం.యస్సీ. చేయవచ్చు. ఢిల్లీ, మంగళగిరి ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థల నర్సింగు ఆఫీసరు పరీక్షకు సైతం, ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసిన జి.ఎన్.ఎం. వారు అర్హులే. కనుక ఆ తండ్రికి మేము చెప్పేది ఇది: లేని బి.యస్సీ. సీటు కోసం అప్పు చేయకండి. మంచి ఆసుపత్రి ఉన్న జి.ఎన్.ఎం. స్కూలును వెదకండి.

ఆసుపత్రి అని ఎందుకు నొక్కి చెబుతున్నాము? నర్సు చదువు మన సంఘాలకు కొత్త కాదు. డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి లూథరన్ మిషను వైద్యసేవ మొదలుపెట్టారు. వేలూరులో డాక్టరు ఐడా స్కడ్డర్ ఆసుపత్రిలో 1909లో నర్సింగు స్కూలు, 1946లో డిగ్రీ కాలేజీ ప్రారంభమైనవి. మనకు దగ్గరలోనే, జమ్మలమడుగులో లండన్ మిషనువారి క్యాంబెల్ ఆసుపత్రి ఉన్నది. ఆడపిల్లను నర్సింగుకు పంపడానికి ఊరు సందేహించిన కాలములో మన సంఘాల ఆడపిల్లలు ఈ పని నేర్చుకొన్నారు. వారు నేర్చుకొన్నది రోగి మంచము ప్రక్కన.

ఆళ్లగడ్డ శిల్పులను చూచిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఉలి పట్టకుండా, రాయి ముందు కూర్చోకుండా ఎవరూ శిల్పి కాలేరు. రోగులు లేని నర్సింగు కాలేజీ రాయి లేని శిల్పశాల వంటిది. సర్టిఫికెట్టు వస్తుంది గాని చేతికి పని రాదు. రేపు ఒక బాలింతకు రక్తస్రావమైతే, పక్కన నిలబడిన నర్సుకు ఏం చేయాలో తెలియకపోతే, ఆ నష్టము ఒక ఇంటికి తీరనిది.

అందుచేత డబ్బు కట్టేముందు ఈ నాలుగు పనులు చేయండి.

ఒకటి, కాలేజీ భవనము కాదు, ఆసుపత్రి చూడండి. స్కూలుకు కనీసము 100 పడకల ఆసుపత్రి ఉండాలనీ, ఒక్కొక్క విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున ఉండాలనీ నిబంధన. ఉదయము పది గంటలకు వార్డులో నడిచి చూడండి. మంచాలు ఖాళీగా ఉంటే వెనక్కు రండి. దూరము పోకముందు దగ్గర చూడండి. కర్నూలులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ప్రభుత్వ నర్సింగు కాలేజీ ఉన్నవి. నంద్యాలలో శాంతిరాం ఆసుపత్రి ఉన్నది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయింది, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలయింది.

రెండు, గుర్తింపు చూడండి. మన రాష్ట్రములో బి.యస్సీ. కాలేజీకి విజయవాడ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము అనుబంధము ఉండాలి. చదువు ముగిశాక రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదు కానిదే నర్సుగా పనిచేయడానికి వీలు లేదు. పక్క రాష్ట్రములో చదివితే, ఆ సర్టిఫికెట్టును మన కౌన్సిలు అంగీకరిస్తుందో లేదో ముందే అడగండి.

మూడు, మొత్తము ఖర్చు కాగితము మీద రాయించుకోండి. హాస్టలు, యూనిఫారము, పరీక్ష ఫీజు, బస్సు, అన్నీ అందులో రావాలి. అది కన్వీనరు సీటా, మేనేజ్‌మెంటు సీటా, ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుందా అని సంక్షేమ శాఖ కార్యాలయములోనే అడగండి. కుల ధ్రువపత్రములో బి.సి.-సి అని ఉన్నవారు బి.సి. సంక్షేమ శాఖకు వెళ్లాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లను ఏజెంటు చేతికి ఇవ్వకండి.

నాలుగు, బిడ్డను అడగండి. ఈ పనిలో రాత్రి డ్యూటీలున్నవి. రక్తము, చీము, మలమూత్రాలు చూడాలి. కోపముతో ఉన్న రోగి బంధువులతో ఓర్పుగా మాట్లాడాలి. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి, తెలుగు మీడియములో చదివినవారికి మొదటి ఏడు కష్టమే. ఇవి తెలిసి "సరే" అన్న బిడ్డ నిలబడుతుంది. పెళ్లి సంబంధము కోసమో, విదేశము పోవడానికో బలవంతముగా పంపిన బిడ్డ మధ్యలో మానివేస్తే, ఏళ్లూ డబ్బూ రెండూ పోతాయి.

విదేశపు మాట వచ్చింది గనుక ఒక్క సంగతి. ఇంగ్లండుకు ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లేక ఓ.ఇ.టి. భాషా పరీక్ష, అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష, జర్మనీకి జర్మను భాష అవసరము. ఇవన్నీ చదువు, అనుభవము తర్వాతి సంగతులు. చేరే రోజునే విదేశపు ఉద్యోగము ఖాయమని చెప్పే కాలేజీ మాట నమ్మకండి.

ఇక పదవ తరగతి పాసైన పిల్లలున్న ఇళ్లకు మా మనవి: నర్సింగు ఆలోచన ఏ కొంచెమున్నా ఇంటరులో బై.పి.సి. తీసుకోండి. మూడు చదువులకూ అది సరిపోతుంది. తోడుగా వచ్చే స్నేహితురాలిని బట్టి గ్రూపు ఎన్నుకొంటే, రెండేళ్ల తర్వాత ఒక తలుపు మూసి ఉంటుంది.

సంఘపెద్దలు కూడా ఒక పని చేయవచ్చు. దాదాపు ప్రతి సంఘములోనూ ఒక నర్సమ్మ గాని, రిటైరైన ఎ.ఎన్.ఎం. గాని ఉంటారు. ఒక ఆదివారము ఆరాధన తర్వాత అరగంట ఆమెను పిల్లలతో మాట్లాడనివ్వండి. కాలేజీ చూడబోయే తల్లిదండ్రులకు ఆమెను తోడు పంపండి. బస్సు ఛార్జీ సంఘము పెట్టుకొన్నా తప్పులేదు. వార్డులోకి అడుగుపెట్టగానే అక్కడ నిజముగా పని నేర్పుతారో లేదో ఆమె చెప్పగలదు.