మాంట్రియల్ ఎర్రచొక్కా ఎవరిది?

అభిమానిని తిట్టడం విమర్శకుడికి బహు సులువైన పని. అభిమాని ఎదురు వ్యాసం రాయడు గదా! ఆటస్థలంలో గొంతు చించుకుని అరిచే మనిషిని చూసి, పాపం వర్గ చైతన్యం లేనివాడు, పాలకులు పోసిన మత్తుమందు తాగి నిద్రపోతున్నాడు అని తీర్పు చెప్పి, చేతులు దులుపుకుని ఇంటికి పోవచ్చు. మన అభ్యుదయ శిబిరంలో ఇలాంటి తీర్పరులకు కొదవ లేదు. వారికి సరిగ్గా ఎదురు కొసన మరొక తెగ ఉన్నది. వీధిలో నాలుగు అద్దాలు పగిలితే చాలు, అదుగో విప్లవం అంటూ కలం పుచ్చుకుని పరుగెత్తేవారు. ఈ ఉభయులతోనూ నాకు తగాదా ఉన్నది. ఆ తగాదాకు రంగస్థలంగా కెనడా దేశపు మాంట్రియల్ నగరంలోని మంచు హాకీ జట్టును ఎన్నుకున్నాను.

మంచు ఎరుగని మనకు మంచు హాకీతో ఏం పని అని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. ఆట మీద మక్కువతో నేనిది రాయడం లేదు. ఒక జాతి తన మానాభిమానాలను ఒక ఎర్రచొక్కాలో దాచుకున్నది. ఆ చొక్కా మాత్రం చట్టరీత్యా ఒక బీరు వ్యాపార కుటుంబపు చేతిలో ఉన్నది. ఈ రెండు విషయాలు ఇంత దగ్గరగా, ఇంత బాహాటంగా పక్కపక్కన నిలిచిన ఉదాహరణ నాకు మరొకటి కనబడలేదు.

ఈ జట్టు పుట్టుకలోనే వ్యాపారం ఉన్నది. 1909 డిసెంబరులో దీన్ని స్థాపించిన ఆంబ్రోస్ ఓబ్రయన్ మాంట్రియల్ వాడు కాదు, ఫ్రెంచి వాడూ కాదు. వెండి గనులతో, రైలుమార్గాల కాంట్రాక్టులతో ధనం గడించిన అంటారియో కుటుంబపు బిడ్డ. మాంట్రియల్‌లో ఇంగ్లీషు వారి జట్లు ఉన్నాయి, ఫ్రెంచి వారికంటూ ఒకటి పెడితే పోటీ రంజుగా ఉంటుంది, టిక్కెట్లు అమ్ముడవుతాయి. ఇదీ లెక్క. జట్టుకు పెట్టిన పేరు "కనాడియెన్". ఆ కాలంలో ఆ మాటను ఫ్రెంచి మాట్లాడే కెనడా వారు తమను గురించి తాము చెప్పుకునేందుకు వాడేవారు. జాతి పేరునే సరుకు పేరు చేసిన ఘనత ఓబ్రయన్‌కే దక్కాలి.

కాని సరుకును కొన్నవారు దాన్ని సరుకుగా ఉండనివ్వలేదు. పాత ఫ్రెంచి వలసనాటి రైతులను "అబితాన్" అనేవారు. ఆ రైతుల పేరే జట్టుకు ముద్దుపేరయింది. చొక్కా మీది అక్షరానికి అర్థం కేవలం "హాకీ" అని క్లబ్బు వారు ఎన్నిసార్లు చెప్పినా, అది రైతుకు గుర్తేనని జనం నమ్మారు. ఆ ఉన్ని చొక్కాను "పవిత్ర వస్త్రం" అన్నారు. 1924లో కట్టిన ఫోరం అనే ఆట భవనం అసలు ఇంగ్లీషు వారి జట్టు కోసం కట్టింది. రెండేళ్ళలో కనాడియెన్ జట్టు అక్కడ చేరింది. ఉత్తరపు చివర చౌక బల్లల మీద కూర్చునే ఫ్రెంచి కార్మికులకు ఆ రోజుల్లో ఒక పేరుండేది: "లక్షాధికారులు". ఈ హాస్యంలో ఎంత వర్గజ్ఞానం ఉన్నదో మన తీర్పరులు గ్రహించాలి.

1937 మార్చిలో హౌవీ మొరెంజ్ అనే ఆటగాడు ఆటలో కాలు విరిగి, ఆసుపత్రిలోనే చనిపోయాడు. ఆయన శవపేటికను ఫోరం నడిమధ్యన ఉంచితే వేలాది మంది వచ్చి కడసారి చూసిపోయారు. మొరెంజ్ ఫ్రెంచి వాడు కాదు. అంటారియోలో పుట్టి పెరిగిన ఇంగ్లీషు మాటకారి. అయినా జనం అతన్ని తమవాడనే ఏడ్చారు. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి, దీనితో ముందు పని ఉన్నది.

ఇక మొరీస్ రిషార్. 1921లో మాంట్రియల్‌లో పుట్టాడు. తండ్రి రైల్వే కార్మికుడు. తానూ యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేశాడు. జట్టులో చేరిన కొత్తలో ఇంగ్లీషు ఇంచుమించు రాదు. 1944-45లో 50 ఆటల్లో 50 గోలులు కొట్టాడు. అంతకు ముందు ఎవరికీ సాధ్యం కానిది అది. అతను పక్‌తో గోలు వైపు దూసుకువస్తుంటే కళ్ళు నిప్పులు కక్కేవని ప్రత్యర్థులే చెప్పుకున్నారు. ఎదుటి జట్లవారు కర్రతో పొడిచేవారు, పట్టి లాగేవారు, ఫ్రెంచి వాడని తిట్టేవారు. అతను ఊరుకునే రకం కాదు, తిరగబడి కొట్టేవాడు.

ఆ లీగు అధ్యక్షుడు క్లారెన్స్ కాంబెల్. న్యాయవాది, ఆక్స్‌ఫర్డులో చదివినవాడు, యుద్ధం తర్వాత జర్మనీలో యుద్ధ నేరాల విచారణలో పనిచేసినవాడు. రిషార్‌కు ఒక ఫ్రెంచి వారపత్రికలో శీర్షిక ఉండేది. 1954లో అందులో కాంబెల్‌ను నియంత అన్నాడు. ఫలితం? క్షమాపణ చెప్పుకోవాలి, శీర్షిక మానుకోవాలి, సత్ప్రవర్తనకు హామీగా 1,000 డాలర్లు కట్టాలి. ఒక కార్మికుడి కలాన్ని యజమానుల ప్రతినిధి ఎంత నిరాటంకంగా లాక్కున్నాడో, రచయితల పత్రిక చదివేవారికి నేను వివరించనక్కరలేదు.

1955 మార్చి 13న బోస్టన్‌లో ప్రత్యర్థి కర్ర తగిలి రిషార్ తల చిట్లింది. అతను ఎదురు తిరిగి కర్రతో కొట్టాడు. ఆపబోయిన లైన్స్‌మన్‌నూ కొట్టాడు. తప్పే, కాదనను. మార్చి 16న కాంబెల్ అతన్ని ఆ సీజను తక్కిన ఆటలన్నిటి నుంచీ, చివరి పోటీల నుంచీ బహిష్కరించాడు. మరునాటి సాయంకాలం డెట్రాయిట్‌తో ఆట. రావద్దని ఎందరు హెచ్చరించినా వినక కాంబెల్ ఫోరంకు వచ్చి తన ఆసనంలో కూర్చున్నాడు. గుడ్లు, టొమాటోలు, కాలి తొడుగులు అతని మీద వర్షించాయి. కరచాలనం చేయబోతున్నట్టు చెయ్యి చాచిన ఒకడు చెంప పగలగొట్టాడు. ఇంతలో బాష్పవాయువు గుండు పేలింది. భవనం ఖాళీ చేయించారు. ఆట డెట్రాయిట్ గెలిచినట్టు రాసిచ్చేశారు. బయట వేల జనం సెయింట్ కాథరీన్ వీధి వెంట దుకాణాల అద్దాలు పగలగొట్టుకుంటూ పోయారు. పదుల సంఖ్యలో అరెస్టులు జరిగాయి. మరునాడు రిషార్ మైకు ముందు కూర్చుని, శిక్షను స్వీకరిస్తున్నాను, శాంతించండి అని ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ కోరాడు. జనం ఆయన మాట విన్నారు.

మత్తుమందు సిద్ధాంతులను ఇక్కడ నిలేస్తున్నాను. నిద్రపోయిన జనమేనా వీరు? ఈ ఫ్రెంచి శ్రామికులే 1949లో ఆస్బెస్టాస్ గనుల్లో నెలల తరబడి సమ్మె నడిపి, డ్యూప్లెసీ ప్రభుత్వపు పోలీసు దెబ్బలు తిన్నారు. శనివారం రాత్రి రేడియోలో రిషార్ గోలు విన్నంత మాత్రాన సోమవారం సమ్మె శిబిరానికి రావడం మానలేదు. మాంట్రియల్‌లో జనాభాలో అధికులు ఫ్రెంచి వారు, పెద్ద కొలువులూ బ్యాంకులూ ఇంగ్లీషు వారివి. 1961 జనగణనను పరిశీలించిన రాయల్ కమిషను, క్వెబెక్ రాష్ట్రంలో ఫ్రెంచి సంతతి పురుషుల సగటు ఆదాయం జాతుల పట్టికలో దాదాపు అడుగున ఉన్నదని తేల్చింది. ఆ కమిషను సహాధ్యక్షుడు ఆంద్రె లోరాందో 1955 అల్లరి జరిగిన వారంలోనే తన దినపత్రికలో రాస్తూ, ఫ్రెంచి వారి జాతీయ భావన హాకీలో తలదాచుకున్నదని పసిగట్టాడు. తలదాచుకున్నది అంటే చచ్చినది అని కాదు గదా! ప్రతి దినమూ ఫ్యాక్టరీలో తనకు జరిగే అవమానాన్ని, వెలుగు దీపాల కింద మంచు మీద అందరూ చూస్తుండగా మరొకడికి జరుగుతుంటే మనిషి గుర్తుపట్టాడు. ఈ గుర్తుపట్టడాన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవాడు ప్రజల నుంచి నేర్చుకోవలసింది చాలా ఉన్నది.

రెండో తెగవారు ఈపాటికి చప్పట్లు కొడుతూ ఉంటారు. తొందరపడవద్దు. క్వెబెక్ చరిత్ర రాసేవారిలో చాలామంది 1955 మార్చి 17 రాత్రి నుంచే 1960ల "ప్రశాంత విప్లవం" మొదలయిందని సెలవిస్తారు. కథ చక్కగా ఉన్నది. కాని ఈ కథలో 1957 అనే సంవత్సరం ఎక్కడ?

ఆ ఏడు ఫిబ్రవరిలో లీగులోని ఆటగాళ్ళు సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షుడు డెట్రాయిట్ జట్టు టెడ్ లిండ్సే, ఉపాధ్యక్షుడు మాంట్రియల్ జట్టు డగ్ హార్వీ. వారు అడిగినది స్వర్గమేమీ కాదు. ఏటా జీతం నుంచి 900 డాలర్లు పింఛను నిధికి కడుతున్నాం, ఆ లెక్కలు చూపండి అన్నారు. టెలివిజన్ రాబడిలో కొంత వాటా అడిగారు. ఆటగాడు ఒకసారి సంతకం పెడితే క్లబ్బు వదిలితే తప్ప మరో చోట ఆడలేడు, క్లబ్బు మాత్రం అతన్ని ఇష్టం వచ్చిన చోటికి అమ్మవచ్చు. యజమానులకు ఆటగాడి మీద ఎంత పట్టు ఉండేదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. జాన్ బెలివో అనే యువకుడు క్వెబెక్ నగరంలోనే ఆడుకుంటానని పట్టుబడితే, 1953లో మాంట్రియల్ యజమానులు అతను ఆడే లీగునే మొత్తంగా కొని, వృత్తి లీగుగా మార్చి, వేరే దారి లేకుండా చేశారు.

యజమానులు సంఘానికి ఇచ్చిన జవాబు వెంటనే వచ్చింది. ఆ వేసవిలోనే లిండ్సేను చికాగోకు తరిమారు. అప్పట్లో ఆ లీగులో అట్టడుగు జట్టు అది. నవంబరులో డెట్రాయిట్ ఆటగాళ్ళు బెదిరి సంఘం నుంచి తప్పుకున్నారు. 1958 ఫిబ్రవరిలో 7,000 డాలర్ల కనీస వేతనం, మరికొన్ని చిల్లర హామీలతో రాజీ కుదిరింది. సంఘం అంతటితో సరి. లెక్కల పుస్తకం మాత్రం తెరవలేదు. మాంట్రియల్ జట్టు మేనేజరు ఫ్రాంక్ సెల్కీ యౌవనంలో విద్యుత్ కార్మికుల సంఘంలో పనిచేసినవాడట! సంఘంలో పాఠాలు నేర్చినవాడి కన్నా సంఘాన్ని విరవడం ఎవరికి బాగా తెలుస్తుంది?

అప్పుడు సెయింట్ కాథరీన్ వీధిలో ఒక్క అద్దం పగలలేదు. హార్వీ ఇంగ్లీషు మాట్లాడేవాడు గనుక ఫ్రెంచి జనం కదలలేదని కొందరు సర్దిచెబుతారు. మొరెంజ్ కోసం ఏడ్చినదీ ఈ జనమే గదా, మరి అప్పుడు భాష అడ్డం రాలేదేం? పోనీ, సంఘం కోసం పోరాడడం ఆ జనానికి తెలియదా? అదే 1957లో, అదే క్వెబెక్‌లో, మర్డక్‌విల్ రాగి గని కార్మికులు సంఘం గుర్తింపు కోసం ఏడు నెలలు సమ్మె చేసి ఓడిపోయారు. గనిలో సంఘం అంటే ఏమిటో తెలిసినవాడికి మంచు మీది వీరుడు కూడా కూలివాడేనని తోచలేదు. అవమానం కంటికి కనబడుతుంది. చెంపదెబ్బతో దానికి జవాబు చెప్పవచ్చు. పింఛను నిధి లెక్క బీరువాలో ఉంటుంది. ఆ బీరువాను జనానికి చూపించవలసిన పని ఎవరిది? పత్రికల వారిది, రచయితలది, మనలాంటి వారిది. జనం కదలలేదని ఆడిపోసుకునే ముందు కలం పట్టినవాడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. 1955 మీద వ్యాసం తర్వాత వ్యాసం రాసి, 1957ను పుట నోటులోకి నెట్టిన పండితులను నేను క్షమించలేను.

మరొక చిన్న సంగతి. అదే 1957లో జట్టునూ, ఫోరంనూ సెనేటర్ హార్ట్‌లండ్ మోల్సన్, ఆయన సోదరుడు కొన్నారు. 1786 నుంచి బీరు కాచి అమ్మే ఇంగ్లీషు కుటుంబం వారిది. రిషార్ గోలు కొడితే ఫ్రెంచి కార్మికుడు బల్ల మీద లేచి అరుస్తాడు. ఆ దాహం తీర్చే సీసా మీద ఉండేది మోల్సన్ పేరు. దీన్ని మించిన పెట్టుబడి ఏముంటుంది!

ఆ తర్వాత యాజమాన్యం చేతులు మారుతూ పోయింది. 1971లో బ్రాన్ఫ్‌మన్ సోదరులు, 1978లో మోల్సన్ బీరు కంపెనీ, 2001లో గిలెట్ అనే అమెరికన్, 2009లో తిరిగి మోల్సన్ కుటుంబం. ప్రతిసారీ అమ్మకపు పత్రంలో అభిమానుల ప్రేమకు కూడా ధర కట్టే ఉంటారు, పేరు చెప్పకుండా. ప్రేమించినవారికి మాత్రం చిల్లిగవ్వ రాదు, సలహా అడిగే దిక్కూ ఉండదు. ఇది అతిశయోక్తి అనుకునేవారు క్వెబెక్ నగరం వైపు చూడండి. అక్కడి నోర్డిక్ జట్టును మరో బీరు కంపెనీ చాలాకాలం పోషించింది. 1980లలో ఈ రెండు జట్ల వైరం అన్నదమ్ముల మధ్య గోడలు లేపింది. 1984 గుడ్‌ఫ్రైడే నాటి ఆటలో ఉభయులూ ముష్టియుద్ధాలకు దిగారు. 1995లో లాభం లేదని ఆ జట్టును అమెరికాలోని డెన్వర్‌కు అమ్మేశారు. మరుసటి ఏడాదే అది స్టాన్లీ కప్పు గెలిచింది. ఏడ్చినదీ నవ్వినదీ క్వెబెక్, కప్పు ఊరేగినది కొలరాడోలో.

మాంట్రియల్ జట్టు 24 కప్పులు గెలిచింది, చివరిది 1993లో. 2011 డిసెంబరులో ఫ్రెంచి రాని శిక్షకుణ్ణి తాత్కాలికంగా నియమిస్తే, జనవరిలో జనం ఆట భవనం ముందు నిరసన తెలిపారు. వారి కోపం న్యాయమైనదే. కాని 2021 మే 10న ఎడ్మంటన్‌తో ఆడిన ఆటలో, జట్టు చరిత్రలో మొదటిసారిగా, క్వెబెక్‌లో పుట్టిన ఆటగాడు ఒక్కడూ లేడు. చొక్కా అదే ఎరుపు. శిక్షకుడి భాషను పట్టి ఆపగలిగిన జనం బజారు లెక్కను ఆపలేకపోయారు.

రిషార్ 2000 మే నెలలో చనిపోయాడు. లక్షకు పైగా జనం ఆయన భౌతికకాయాన్ని దర్శించారు. క్వెబెక్ ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. జరపవలసిందే. డగ్ హార్వీ మాటేమిటి? లీగులో ఉత్తమ రక్షకుడిగా ఆరోసారి బహుమతి పొందిన 1961లోనే మాంట్రియల్ ఆయన్ను న్యూయార్క్‌కు పంపేసింది. సంఘం పెట్టినందుకే తనను వదిలించుకున్నారని ఆయన నమ్మకం. 1985లో మోల్సన్ కంపెనీ చేతిలో ఉన్న క్లబ్బు ఆయన 2వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వబోమని సన్మానం చేసింది. 1989 చివర హార్వీ చనిపోయాడు. పింఛను నిధిలోని మిగులు యజమానులది కాదు, ఆటగాళ్ళదేనని అంటారియో న్యాయస్థానం తీర్పు చెప్పింది 1992లో.