మూడు బోల్టులు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున సిగ్నల్ దగ్గర ఆగాను. ఆగాను అంటే సైకిల్ ఆగింది, నేను పడ్డాను. మడమ బయటికి తిప్పితే బూటు పెడల్ నుంచి ఊడి రావాలి. రాలేదు. వెనకాల ఆటో అన్న టైమ్‌కి బ్రేక్ వేశాడు కాబట్టి ఇప్పుడు ఇది రాస్తున్నా.

లేచి బూటు అడుగు చూస్తే మూడు బోల్టుల్లో రెండు లేవు. మిగిలిన ఒక్క బోల్టు చుట్టూ నా కాలు తిరిగింది కానీ, క్లీట్ మాత్రం పెడల్‌లోనే ఉండిపోయింది.

తెలియనివాళ్ల కోసం: రోడ్ సైకిల్ బూటు కింద బిగించే ప్లాస్టిక్ ముక్కే క్లీట్. అది టక్కున కూర్చునే పెడల్‌ని 'క్లిప్‌లెస్' అంటారు. పాతకాలం పెడల్స్‌కి ఉండే క్లిప్పు, పట్టీ దీనికి ఉండవు, అందుకే ఆ పేరు. 1985 టూర్ ద ఫ్రాన్స్‌ని బెర్నార్ ఇనో గెలిచింది లుక్ కంపెనీ వాళ్ల ఇలాంటి పెడల్స్‌తోనే.

నాకు షాపులోనే బిగించి ఇచ్చారు. ఎనిమిది నెలలు ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు. టీ బండి దాకా అవే బూట్లతో నడిచేవాణ్ణి. అందుకే నా అభిప్రాయం ఒక్కటే: క్లీట్ పని ఎవరికీ వదిలేయకూడదు, మనమే చేసుకోవాలి. పెద్ద విద్యేం కాదు, 4 ఎంఎం ఆలెన్ కీ చాలు.

పాతది తీసేముందు దాని చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. మన భాషలో చెప్పాలంటే అదే బ్యాకప్. కొత్తగా పెడుతుంటే, బొటనవేలి మొదట్లో పొడుచుకొచ్చే ఎముక పెడల్ ఇరుసు మీదికి వచ్చేలా మొదలుపెట్టండి. బోల్టుకి కాస్త గ్రీజు రాసి, మూడింటినీ కొంచెం కొంచెంగా వంతులవారీగా బిగించండి. షిమానో వాటికైతే 5-6 న్యూటన్ మీటర్లు.

"ఎర్రవి వెయ్యి రా, ప్రోస్ అవే వాడతారు" అని ఒక సీనియర్ అన్న సలహా ఇచ్చాడు. షిమానోలో ఎర్ర క్లీట్‌లో పాదం అస్సలు కదలదు, నీలంలో 2 డిగ్రీలు, పసుపులో 6 డిగ్రీలు కదులుతుంది. కోణం కాస్త తప్పినా ఎర్రదానిలో ఆ భారం మోకాలే మోయాలి. సెట్ చేయడం ఇప్పుడే నేర్చుకుంటున్న మనకి పసుపే కరెక్ట్. స్టైల్ కోసం మోకాలు పణం పెట్టడం నాకైతే తెలివితక్కువ అనిపిస్తుంది.

చక్రాల అప్‌గ్రేడ్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఈ రాత్రి ఒక్క రెండు నిమిషాలు బూటు తిరగేసి బోల్టులు లెక్కపెట్టండి. మూడూ ఉన్నాయా? గట్టిగా ఉన్నాయా? అంచుల్లో పసుపు అరిగిపోయిందా? అరిగిపోతే మార్చేయండి. ప్రతిసారీ వెనక ఆటో అన్న బ్రేక్ వేస్తాడన్న గ్యారంటీ లేదు.