పకడ్బందీ ఎవరి మీద?

సర్కారు ప్రకటనల్లో ఎంత వాడినా అరగని మాట ఒకటుంది. పకడ్బందీ. చట్టాన్ని పకడ్బందీగా అమలు చేస్తామంటారు. ఏర్పాట్లు పకడ్బందీగా ఉన్నాయంటారు. ఇంతకూ ఏమిటీ మాట? పకడ్ అంటే పట్టు. బందీ అంటే కట్టడం. గట్టిగా పట్టి, సందు లేకుండా కట్టడం. బందోబస్తు కూడా దీని చుట్టమే. ఉర్దూలో దానికి ఏర్పాటు అని అర్థం. మన దగ్గరికొచ్చేసరికి పోలీసు కాపలా అయి కూర్చుంది. మాట మారిన తీరులోనే పాలన తీరు కనిపిస్తుంది.

పట్టేదెవరు, పట్టుబడేదెవరు? అసలు ప్రశ్న ఇదే. నిషేధాజ్ఞలు పెడితే గంటలో పకడ్బందీ. ఫుట్‌పాత్ మీది తోపుడు బండిని ఎత్తెయ్యడంలో పకడ్బందీ. నిమిషం ఆలస్యమైన విద్యార్థిని పరీక్ష కేంద్రం గేటు బయట ఆపడంలోనూ పకడ్బందీ చూశాం. సర్కారు తన చేతులు తానే కట్టుకోవాల్సి వస్తే మాత్రం ముడి సడలిపోతుంది.

610 జీవో 1985 డిసెంబర్ 30న వచ్చింది. నిబంధనలకు విరుద్ధంగా తెలంగాణలో నియమించిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలన్నది. గడువు దాటింది. అమలైందో లేదో తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది.

అది పాత సంగతి అంటారా? అయితే మ్యాన్‌హోల్ వైపు చూడండి. చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లోనే చట్టం నిషేధించింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. తొలి నేరానికే రెండేళ్ల దాకా జైలు. మృతుల కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది, చావులు ఆగలేదు. దించేది కాంట్రాక్టరు. చాలాచోట్ల ఆ కాంట్రాక్టు ఇచ్చేది సర్కారు సంస్థే. కంచే చేను మేస్తే కేసు పెట్టేదెవరు?

610కి గడువుంది, దాటితే జవాబు చెప్పే మనిషి లేడు. 2013 చట్టానికి శిక్షుంది, పట్టే చెయ్యి లేదు. అందుకే పకడ్బందీ అన్న మాట వినగానే చప్పట్లు కొట్టొద్దు. గడువెప్పుడు? బాధ్యుడెవరు? తప్పితే శిక్షెవరికి? ఈ మూడూ నిలదీసి అడగాలి. పట్టు మన చేతిలో ఉంటేనే పాలకులు కట్టుబడతారు.