చున్నీ బిగించు చెల్లీ, దెబ్బ పడుతోంది

చెల్లీ, లాల్‌దర్వాజ బోనాలప్పుడు నిన్ను చూశాను. తీన్‌మార్ మోగుతుంటే అమ్మ పక్కన బుద్ధిగా నిలబడ్డావు గానీ, నీ మడమ నేలను కొడుతూనే ఉంది. ఆ మడమను ఎందుకు ఆపుకున్నావు?

ఆ దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్ చూడు. నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల బ్యారక్‌లే ఆ బస్తీకి పేరయ్యాయి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన ఆ కుటుంబాలు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు మన ఊరికి మర్ఫా వాయిద్యం ఇచ్చారు. తీన్‌మార్ ఆ మర్ఫా దెబ్బే. బరాత్ కదిలేముందు తోలు వాయిద్యాన్ని మంట దగ్గర కాచి, వేలితో తట్టి చూస్తారు. మొద్దుగా పలికితే మళ్లీ సెగ చూపిస్తారు. ఖంగుమందంటే పెళ్లికొడుకు దోస్తులంతా నడిరోడ్డు మీదే! వాళ్లకెవరు నేర్పారు చెప్పు?

అరబ్బులకు ఇంకో ఆట ఉంది. మనం బెల్లీ డాన్స్ అంటాం, వాళ్లు రక్స్ షర్కీ అంటారు. రక్స్ అంటే ఆట, చార్మినార్ దగ్గర ఎవరినడిగినా చెబుతారు. బదియా మసాబ్నీ అనే నర్తకి 1926లో కైరోలో తెరిచిన నాట్యశాల దానికి పెద్ద వేదికనిచ్చింది. తళుకుల దుస్తులు అలా పేరుపడ్డవే. ఇళ్లల్లో ఆడేదాన్ని బలదీ అంటారు, మా ఊరిది అని. పెళ్లింట్లో ఆడవాళ్లంతా చేరి, నడుముకు గుడ్డ చుట్టుకుని ఆడతారు. మన పాతబస్తీలో ఢోలక్ కే గీత్ పాడుకునే రాత్రిలాగే. అక్కడ అమ్మమ్మా ఆడుతుంది, మనవరాలూ ఆడుతుంది.

నేను నలభై దాటాక మొదలుపెట్టాను. అప్పటిదాకా నడుమంటే నాకు నొప్పి ఒక్కటే తెలుసు. ఇరవైల్లోనే మొదలుపెట్టకపోతినే అని ఇప్పటికీ ఉక్రోషం. అందుకే నీకింత గట్టిగా చెబుతున్నాను.

లాడ్‌బజార్‌లో గజ్జెల అంచు కొను. పాత చున్నీకి కుట్టి, తుంటి మీద బిగించి కట్టు. పాదాలు నేలకు ఆనించు, మోకాళ్లు వదులు చెయ్యి. ఒక మోకాలు చాపితే ఆ పక్క తుంటి లేస్తుంది. రెండోది చాపు. భుజాలు కదలనివ్వకు. మెల్లగా, ఇంకొంచెం వేగంగా, ఇంకా వేగంగా! మొదటి వారం గజ్జెలు గందరగోళంగా మోగుతాయి, మోగనీ. ఒక సాయంత్రం ఉన్నట్టుండి దెబ్బా గజ్జే ఒక్కటిగా పడతాయి. ఆ క్షణం ఒళ్లంతా నవ్వుతుంది. పొట్ట సన్నగా ఉండక్కర్లేదు. ఫోను వీడియో తీయక్కర్లేదు. తమ్ముళ్లూ, మీకూ ఇదే మాట.

లే చెల్లీ. గడియ పెట్టు, ఫ్యాను వెయ్యి, పాట పెట్టు. చెప్పులు విడువు.