బద్ధకం అనే ముందు రక్తం చూడండి

పోస్టు పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న రాశాడు. మన పిల్లలు హాస్టల్లో పడుకోడానికే వస్తున్నారంట, నాలుగ్గంటల నిద్ర చాలంట, బద్ధకం వదిలితే ఉద్యోగం దానంతటదే వస్తదంట. కింద అన్నీ చప్పట్లే. అన్న కష్టపడి పైకొచ్చినోడు, గౌరవం ఉంది. కానీ ఆ మాట మాత్రం మనది కాదు. క్లాసులో వెనక బెంచీ వాణ్ని లేపి "సీటు ఊరికే వచ్చింది గదా, అందుకే నిద్ర" అనే వాళ్ల మాట అది. వాళ్లంటే కోపం వస్తది, మనోళ్లంటే లైకు కొడతామా?

ఎనిమిది గంటలు పడుకున్నా లేచేసరికి ఒళ్లు బరువు. పదకొండింటికల్లా కళ్లు మూతలు. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. ఒక రోజు కాదు, నెలల తరబడి ఇదే. దీన్ని గుణం అని తేల్చే ముందు ఒక్కసారైనా ఎవరైనా రక్తం చూశారా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. అంటే సగం మందికి పైనే. వీళ్లందరూ బద్ధకస్తులా? రక్తంలో హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 గ్రాములు ఉండాలి. అది తగ్గితే ఒంటికి ఆక్సిజన్ సరిగా అందదు, గుండె ఎక్కువ కొట్టుకోవాలి. అట్టాంటోడు ఎంత పడుకున్నా అలసట తీరదు. మనకెందుకు తగ్గుతదో కూడా చెప్పాలా? నీళ్ల పప్పు, అన్నం, పైన టీ. తిన్న వెంటనే టీ తాగితే తిండిలో ఉన్న ఇనుము కూడా ఒంటికి పట్టదు. చెప్పుల్లేకుండా చేలో తిరిగితే కొంకిపురుగు లార్వా కాళ్లలోంచి ఎక్కి, పేగుల్లో చేరి రక్తం తాగుతది.

ఇంకో సంగతి చూడండి. స్కూళ్లలో వారానికొకటి ఇచ్చే నీలం ఇనుము మాత్ర 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకు. నులిపురుగుల మాత్ర కూడా 19 వరకే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య డాక్టర్లు చూసేది 18 వరకే. 20 ఏళ్ల ఆడపిల్లకు ఎర్ర మాత్ర అని కాగితం మీదైనా ఉంది. డిగ్రీ చదివే 20 ఏళ్ల పిల్లోడు ఏ లిస్టులోనూ లేడు. నేను ఉన్న ఒక హాస్టల్లో ఆరోగ్య కార్డు మీద ఎత్తు, బరువు మా ఎవరినీ నిలబెట్టకుండానే నింపారు.

తండాలో అయితే నీరసం అనగానే ఆరెంపీ దగ్గర సెలైన్. 500 మిల్లీలీటర్ల 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, ఐదారు చెంచాలు. దానికి రెండు రోజుల మిరప కోత కూలి పోతది. ఎక్కించుకున్న సాయంత్రం బాగానే ఉంటది, మూడో రోజు మళ్లీ మామూలే.

అట్టాగని అందరూ ఇనుము మాత్రలు కొనుక్కుని మింగమని కాదు నేను చెప్పేది. తలసీమియా జన్యువు మోసేవాళ్ల రక్తం కూడా ఇనుము తక్కువైనట్టే కనిపిస్తది, వాళ్లకు ఆ మాత్రలతో పని జరగదు. సికిల్ సెల్ వేరే. 1904లో గ్రెనడా దీవి నుంచి చికాగోకు పళ్ల డాక్టరీ చదవడానికి వెళ్లిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే నల్లజాతి విద్యార్థి జబ్బుతో ఆసుపత్రిలో చేరాడు. మైక్రోస్కోపు కింద చూస్తే ఎర్రకణాలు కొడవళ్లలా ఉన్నాయి. డాక్టర్ హెరిక్ 1910లో దాన్ని రాశాకే ఈ జబ్బు లోకానికి తెలిసింది. వాడూ మనలాగా ఊరు వదిలి చదువుకోను పోయినోడే. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో ఇది దొరికింది. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్ల లోపు గిరిజనులకు పరీక్ష చేస్తామని. మన పల్నాడు, ప్రకాశం తండాల్లో, యానాది కాలనీల్లో ఎంతమందికి చేశారు? మీకు చేశారా? (జన్యువు ఒక్కటే ఉన్నోడికి మామూలుగా జబ్బు ఉండదు, భయపడొద్దు. పెళ్లప్పుడు అవతలి వాళ్లకూ ఉందేమో చూసుకోవాలి.)

డాక్టర్లు అడగని ప్రశ్న ఇంకోటి ఉంది, మందు కొట్టావా అని. సెలవులకు ఇంటికి పోయి పత్తికి మందు కొట్టేది మనమే. వీపున ట్యాంకు, మూతికి తువ్వాలు, అంతే. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు నరాలకు కావాల్సిన కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటయ్. తలనొప్పి, చెమటలు, నీరసం. దానికీ రక్తపరీక్ష ఉంది, కానీ నువ్వు చెప్తేనే రాస్తారు. డబ్బా మీద పేరు ఫోటో తీసి చూపించు.

ఫోన్ వల్ల నిద్ర చెడుతది, కాదనను. అది తేల్చడం తేలికే. రెండు వారాలు పదింటికి ఫోన్ పక్కన పెట్టి, ఎప్పుడు పడుకున్నావో, ఎప్పుడు లేచావో నోట్‌బుక్కులో రాయి. తగ్గితే సరే. తగ్గకపోతే ఆ నోట్‌బుక్కు పట్టుకుని ప్రభుత్వాసుపత్రి ఓపీకి పో. గురక పెడతూ మధ్యలో ఊపిరి ఆగుతుందేమో పక్క మంచం వాణ్ని అడుగు. దగ్గు, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష. థైరాయిడ్, షుగర్, బీ12 కూడా అడుగు. ఏమీ చేయబుద్ధి కాక, ఏడుపు వస్తుంటే అదీ దాచకుండా చెప్పు. కొన్ని హాళ్లలో ముప్పై మందికి రెండు ఫ్యాన్లు, రాత్రంతా లైటు, దోమలు. దానికి మందు డాక్టరు రాయలేడు, అధికారులు కదలాలి.

కాబట్టి నాలుగ్గంటల నిద్ర పాఠం ఆపి, అన్న మన పక్కన నిలబడాలి. ప్రతి హాస్టల్లో చేరిన నెలలోపు పూర్తి రక్తపరీక్ష, ఒక్కసారి సికిల్ సెల్ పరీక్ష, రిపోర్టు విద్యార్థి చేతికి. అడిగేది ఇంతే. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు, మార్కాపురం హాస్టళ్ల వాళ్లు మీకు చివరిసారి రక్తం ఎప్పుడు తీశారో, రిపోర్టు చేతికిచ్చారో లేదో కింద రాయండి. ఆడపిల్లల హాస్టళ్ల సంగతి అక్కలు రాస్తే మంచిది. ఆదివారం లోపు వచ్చినవి హాస్టల్ వారీగా కాగితం మీద పెడతా. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇద్దాం. రసీదు తీసుకోకుండా రావొద్దు.